మన యింటి ముచ్చట: పచ్చి చిత్రము



పోయిన మాసమున ఊరగాయ జాడీలకు బూజు రాకుండ కాపాడుకొను విధము వ్రాసితిని. దానికి వచ్చిన జాబులలో ఒక్కటి మాత్రము ఊరగాయ మాటయే యెత్తలేదు. "మా ఫోనుతో మా అమ్మాయి ఫోటో తీసినచో అమ్మాయివలె నుండదు, అంగడిలోని బొమ్మవలె నుండును. ఫోను మార్చవలెనా, లేక తీయుట మాకే రాదా?" అని ఆర్మూరు సోదరి యొకతె యడిగినది. ఆ జాబు చదివి నేను కొంతసేపు ఊరకుంటిని. ఆ ప్రశ్నయే నాలుగు నెలల క్రిందట మా యింట పుట్టి అందరి నోళ్ళు మూయించినది. కావున ఈ తడవ వంటయింటిని విడిచి కెమెరా మాట వ్రాయుచున్నాను. వంటయింటిని బొత్తిగా విడుచుట నాకు చేతగాదు గనుక నడుమ బెల్లమును ముగ్గును వచ్చినచో మన్నింపుడు.

మా అత్తవారి యూరు బోధనునకు దాపున చెరకుతోటల నడుమ నున్నది. మా మామగారు శక్కర్‌నగరులోని నిజాం చక్కెర కర్మాగారమున చిరకాలము పనిచేసి విశ్రాంతి గొనిరి. 1937లో పుట్టిన ఆ కర్మాగారము 2015లో మూతపడిన దినమున ఆయన అన్నము ముట్టలేదు. మా వారి బడి నిజామాబాదులో గనుక మేము పట్టణమున నుందుము. పండుగలకు, పెండ్లిమాటలకు ఊరికి పోవుచుందుము. అట్టి పెండ్లిమాటకే అప్పుడును పోయితిమి. మా ఆడబిడ్డకు సంబంధము వచ్చినది.

ఆడబిడ్డ గదా యని పొగడుట గాదు, ఆ పిల్ల చూడముచ్చటగా నుండును. పెద్ద కన్నులు, ఎడమచెంపమీద చిన్న పుట్టుమచ్చ, చామనచాయకు ఒకింత మించిన నలుపు. పెండ్లివారికి పంపుటకై మా మరిది ఫోనుతో ఒక ఫోటో తీసి వాట్సాపులో పంపెను. అతడు దానిని దిద్దలేదు, తెల్లబరుపలేదు. ఊరక మీట నొక్కి పంపెను. ఆదివారమునాడు పెండ్లివారు వచ్చిరి. పిల్ల చాయ్ పళ్ళెము పట్టుకొని వచ్చి నిలిచినది. వరుని తల్లి తన ఫోనులోని ఫోటోను జూచి, పిల్లను జూచి, మరల ఫోటోను జూచి, "ఫోటోల ఉన్న పిల్ల ఏదమ్మా?" అని యడిగినది. ఎవ్వరును పలుకలేదు. చాయ్ చల్లారినది.

ఆ రాత్రి ఆ పిల్ల నాయొద్ద గూర్చుండి, "నల్లగున్ననంటె నాకు కొత్తగాదు వదినె. దొంగను జూసినట్టు జూసిండ్రు" అనెను. ఆ మాట నన్ను నిదుర పోనీయలేదు. ఆ ఫోటో తెచ్చి చూచితిని. పుట్టుమచ్చ లేదు. చర్మము పింగాణీవలె నున్నది. రంగు రెండు మూడు పాళ్ళు తేలినది. ఇంటిలో నెవ్వరును అబద్ధమాడలేదు. మరి ఆడినదెవరు?

బాణాసురుని కూతురు ఉషాకన్య కలలో జూచిన వానిని వెదకుటకై చెలికత్తె చిత్రలేఖ లోకములోని రాకుమారుల నందరను వరుసగా వ్రాసి చూపినదని మనము పురాణమున విన్నదే గదా. ఆమె అందరి ముఖములను ఒక్కటే నునుపుగా, ఒక్కటే తెలుపుగా వ్రాసి యుండినచో ఉష అనిరుద్ధుని ఎట్లు గుర్తించియుండును? మన ఫోనులోని చిత్రలేఖ అంతటి నేర్పరి గాదు. ఆమెకు అందరును ఒక్క తీరుననే అందముగా నుండవలెను.

హైదరాబాదున చదువుకొను మా అన్న కుమారుడు దసరా సెలవులకు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పితిని. "అత్తమ్మా, ఫోను తీసిన ఫోటో వేరు, ఫోను వండిన ఫోటో వేరు. నీవు చూచునది వండినది. పచ్చిది గూడ దాచుమని చెప్పవచ్చును" అని వాడు నవ్వుచు నేర్పినాడు. ఆ పచ్చిదానిని ఇంగ్లీషులో 'రా' అందురట. నేను దానికి పచ్చి చిత్రమని పేరు పెట్టుకొంటిని. రెండవదానిని, వాని మాట చొప్పుననే, వండిన చిత్రమందును.

భేదమేమో చెప్పెదను. మా ఊర చెరకును గానుగపట్టి, రసమును పెద్ద పెనమున గాచి, మడ్డి తీసి, పాకము వచ్చిన పిదప అచ్చులలో పోసి బెల్లము చేయుదురు. బెల్లము దాచుట సులభము, పంచుట సులభము. కాని బెల్లపు అచ్చును మరల నీటిలో కరగించినంతమాత్రమున అది చెరకురసము గాదు. కాగినప్పుడు పోయిన పరిమళము పోయినదే, మాడినచో ఆ మాడువాసన నిలిచినదే. మనము నిత్యము చూచు ఫోటో, అనగా జె.పి.జి. అను రూపమున నుండునది, బెల్లము. కెమెరా కంటబడిన వెలుగు లెక్క యంతయు ఉన్నదున్నట్లు వ్రాసి పెట్టుకొనిన దస్త్రము చెరకురసము. రసము చేతనున్నచో పాకము మనమే పట్టుకొనవచ్చును, ముదురుగనో లేతగనో. పైగా చెరకురసమునకు లేని మంచిగుణ మొకటి దీనికి గలదు: ఎన్నాళ్ళున్నను పులియదు.

బెల్లము మాట వచ్చినది గనుక ఒక సంగతి. అంగడిలో తెల్లని బెల్లమే కావలెనని జనులు కోరుటచేత వండువారు పెనములో హైడ్రోసు అను మందు చల్లి రంగు తేల్చుదురు. మందులేని బెల్లము ముదురు రంగున నుండును, రుచియు దానిదే. నల్లబెల్లము తెచ్చినవానిని అంగడిలో బేరమాడి తగ్గించుదురని మా మామగారు కోపించుచుందురు. ఫోను చేయుపనియు ఇదియే. అది కోరినవారి కోరిక యెరిగి మందు చల్లుచున్నది. ఇంతవరకు బెల్లము.

ఇక ముగ్గు. కెమెరా లోపల కటకము వెనుక గోటియంత పలక యొకటి గలదు. దానిమీద కోట్లకొలది చిన్న గదులుండును. ఆ గదులకు వెలుగెంత పడినదో తెలియును గాని ఏ రంగు వెలుగో తెలియదు. అందుచేత ఒక్కొక్క గదిపైన ఒక్కొక్క రంగు తెర వేయుదురు. నాలుగు గదులలో రెంటికి పచ్చతెర, ఒకదానికి ఎర్రతెర, ఒకదానికి నీలితెర. కొడాక్ సంస్థలోని బ్రైస్ బేయరు అను నాతడు ఈ యమరికను కనిపెట్టగా 1976లో దానికి పేటెంటు లభించినది. మన ముంగిట సంక్రాంతికి పెట్టు చుక్కల వరుసను తలచుకొనుడు. చుక్కలు మాత్రమే పెట్టి, గీతలు కలుపకుండ విడిచినచో అది పచ్చి చిత్రము. చుక్కలను గలిపి రంగులద్ది ముగ్గు పూర్తి చేసినచో వండిన చిత్రము. కలుపుట ఎవరో ఒకరు చేయవలసినదే. చుక్కలను జూచి ఎవ్వరును ముగ్గనరు. ఆ కలుపుట ఫోను తన ఇష్టమువచ్చినట్లు చేసి, చుక్కలను చెరిపివేయుటయే మన చిక్కు.

చెరుపుట యనగా ఎంత చెరుపునో వినుడు. వండిన చిత్రమున ఒక్కొక్క రంగునకు వెలుగు మెట్లు 256. పచ్చి చిత్రమున ఫోనును బట్టి 1,024 గాని 4,096 గాని, ఒక్కొక్కట నంతకు మించియు నుండును. నీడలోనున్న ముఖమును తరువాత ఒకింత వెలుగునకు తేవలెనన్నచో ఈ మెట్లు కావలెను. మెట్లు తక్కువైనచో చెంపమీద చారలు, మచ్చలు తేలును. నలుపు చాయ గల ముఖమున అందమంతయు ఈ నడిమి మెట్లలోనే యుండునని నాకు ఇప్పుడు తెలిసినది. నల్లని చర్మమున గూడ ఎరుపు, పసుపు, రాగి, నేరేడు ఎన్ని చాయలు గలవో చూడుడు! ఫోను వానినన్నిటిని నునుపు చేసి ఒక్క పూత పూసివేయును.

ఇది ఫోనుల కాలమున పుట్టిన దోషము గాదు. కొడాక్ వారు గడచిన శతాబ్దమున రంగుల ఫోటోలు కడుగు అంగళ్ళకు రంగు సరిచూచుకొనుటకై ఒక తెల్లదొరసాని బొమ్మ గల అట్టను పంపెడివారు. దానికి షర్లీ కార్డని పేరు. ఆమె ముఖము సరిగా వచ్చినచో అందరి ముఖములు సరిగా వచ్చినట్లే యని లెక్క. నల్లనివారి ముఖములు బొగ్గుముద్దలై వచ్చినను అడుగు నాథుడు లేడు. 2021లో గూగుల్ వారు తమ పిక్సెల్ ఫోనున ముదురు చాయలు సరిగా వచ్చునట్లు దిద్దితిమని 'రియల్ టోన్' అను పేర ప్రకటించుకొనిరి. అనగా అంతకుముందు సరిగా లేదని వారే యొప్పుకొన్నట్లు గదా.

మన నిజాము సీమలోనే ఫోటోగ్రాఫుల పెద్ద రాజా దీన్‌దయాళ్ ఉండెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు. ఘోషాస్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండరని 1892లో హైదరాబాదున స్త్రీలకొరకే ఒక జనానా స్టూడియో తెరచి, కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనితను దానిపై నియమించెను. ఆ దినములలో మన తాతమ్మల కాలపు స్త్రీలకు తమ ముఖమును ఎవరు చూచి, ఎవరు తీసి, ఎవరు దాచవలెనను విచారము ఎంత యుండెనో ఈ యొక్క సంగతి చెప్పుచున్నది. దీన్‌దయాళ్ తీసినది గాజుపలకలమీద. 2,800కు మించిన ఆయన గాజుపలకలు నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నున్నవి. కాగితపు ప్రతులు వెలిసిపోయినను గాజుపలక యున్నంతకాలము మరల అచ్చు తీయవచ్చును, ముదురుగా వలసిన ముదురుగా, లేతగా వలసిన లేతగా. మన చిన్ననాట స్టూడియోవారు "నెగిటివు జాగ్రత్త" యని కవరులో పెట్టి యిచ్చినదియు ఇందులకే. పచ్చి చిత్రము ఫోనుయొక్క నెగిటివు. ఇన్నాళ్ళు మనము నెగిటివును పారవేసి ప్రతిని మాత్రము దాచుకొనుచున్నాము.

ఇప్పుడు చేయు విధము. మొదట ఫోనులోని కెమెరా తెరచి 'ప్రో' అను పద్ధతి గలదేమో చూడుడు. అందులో అమరికలు తెరచినచో 'రా' అని యొక మాట యుండవచ్చును. ఉన్నచో దానిని వెలిగింపుడు. లేకున్నను దిగులుపడనక్కరలేదు. 2014లో వచ్చిన ఐదవ ఆండ్రాయిడునుండి ఫోనుతయారీదారు సమ్మతించిన ఫోనులలో ఇతర యాపులు గూడ పచ్చి చిత్రమును తీయగలవు. 'ఓపెన్ కెమెరా' యను యాపు ఉచితము. 'లైట్‌రూమ్' అను యాపులోను కెమెరా గలదు. ఐఫోనులో 2016నుండి ఇతర యాపులకు ఈ వీలు గలిగినది; ప్రో ఐఫోనులలో 2020 డిసెంబరునుండి సొంత కెమెరాలోనే 'ప్రోరా' యని యున్నది. కొన్ని చౌక ఫోనులలో ఎంత వెదకినను ఈ వీలుండదు. అట్టిచో ముఖమును అందగించు 'బ్యూటీ' అను మీటను సున్నకు దించుటయైన చేయుడు. సగము పీడ వదలును. ఇది ముందు కెమెరాలో ఎక్కువగా నుండును గనుక ముఖచిత్రము వెనుక కెమెరాతో మరియొకరిచేత తీయించుకొనుట మేలు.

పచ్చి చిత్రము డి.ఎన్.జి. అను పేరుతో నిలుచును. 12 మెగాపిక్సెళ్ళ ఫోనులో వండిన చిత్రము మూడు నాలుగు ఎం.బి. యుండగా, పచ్చిది 24 ఎం.బి. వరకు నుండును. కావున పప్పుడబ్బాకు, పిల్లికూనకు దీనిని వాడకుడు. ఫోను నిండిపోవును, ఇంటిలో మాట వచ్చును. ముఖములకు, పాతవస్తువులకు, నేతచీరల రంగులకు, మరల దొరకని దృశ్యములకు వాడుడు.

తీయునప్పటి మెలకువలలో అన్నిటికంటె ముందుది కెమెరా కంటిని తుడుచుట. మన వ్రేళ్ళ నూనెమరక దానిపై నున్నచో ఏ విద్యయు పనిచేయదు. మెత్తని పాత నూలుగుడ్డ చాలును. పిదప వెలుగు. మిట్టమధ్యాహ్నపు టెండలో ముఖము తీయకుడు, కన్నుల క్రింద గోతులు పడును. ఉదయము తొమ్మిదింటిలోపల వాకిలికి ఎదురుగా లోపల కూర్చుండబెట్టినచో వెలుగు పాలవలె మెత్తగా పడును. విద్యుద్దీపము లార్పివేయుడు. రెండు రకముల వెలుగు ముఖముమీద కలిసినచో ఒక చెంప పసుపు, ఒక చెంప నీలమై తరువాత దిద్ద శక్యముగాదు. మన యిండ్ల గోడలు ఆకుపచ్చ, నీలము వేయుదురే, ఆ రంగు ముఖముమీద కొట్టును. మా ఆడబిడ్డ మొదటి ఫోటో అట్టి పచ్చగోడ ప్రక్కననే తీసినది. గోడకు రెండు మూరలు దూరముగా కూర్చుండుట మంచిది.

ఒక తెల్లని నూలుగుడ్డను ముఖముప్రక్కన పట్టుకొనుమని మొదట ఒక చిత్రము తీయుడు. గుడ్డకు నీలిమందు వేసియుండరాదు. నీలిమందు కంటికి తెలుపుగా తోచును గాని కెమెరాకు నీలముగానే కనబడును. ఈ గుడ్డ యెందులకో క్రింద చెప్పెదను. తరువాత తెరమీద ముఖమును వ్రేలితో తాకి, ప్రక్కన వచ్చు సూర్యబింబపు గుర్తును ఒకింత క్రిందికి దింపుడు. పచ్చి చిత్రమున చీకటిని తరువాత తేల్చవచ్చును గాని వెలుగు మితిమీరి తెల్లగా కాలిపోయిన భాగమును ఎంతటివారును మరల తేలేరు. పొంగిపోయిన పాలు ఎత్తి గిన్నెలో పోయలేము గదా. ఐ.ఎస్.ఓ. అను సంఖ్యను వీలైనంత తక్కువలో, నూటికి దాపున, ఉంచుడు. దూరపు వస్తువును వ్రేళ్ళతో లాగి పెద్దది చేసి తీయకుడు. రెండడుగులు మీరే ముందుకు నడువుడు.

ఇట్లు తీసి తెరచి చూచినప్పుడు నేను నిజముగ నిరాశపడితిని. చప్పిడికూడువలె నున్నది. రంగు లేదు, చురుకు లేదు, చీకటిచోట్ల ఇసుక చల్లినట్లు చుక్కలు. "ఇందుకేనా ఇంత తంటా?" అని మా అల్లుని గద్దించితిని. ఉప్పు వేయక ముందే కూర రుచి చూచి వంకపెట్టినట్లున్నదని వాడనెను. వాడన్నది నిజమే. వండిన చిత్రమున ఫోను పెక్కు చిత్రములను క్షణములో తీసి కలిపి ఆ యిసుకను తుడిచివేయును. సాధారణమైన పచ్చి చిత్రము ఒక్క చూపు మాత్రమే. అందుచేత రాత్రివేళ, పెండ్లిపందిరిలో, దీపావళినాడు ఫోను వండినదే మనము వండినదానికంటె బాగుండునని యొప్పుకొనక తప్పదు. మంచి వెలుగు గలచోటనే పచ్చి చిత్రము రాణించును.

వండుటకు 'స్నాప్‌సీడ్' అను ఉచితమైన యాపు గలదు, లైట్‌రూమ్ గలదు. అందులో తెరచి మొదట 'వైట్ బ్యాలెన్స్' సరిచేయవలెను. పైని చెప్పిన తెల్లగుడ్డ యిప్పుడు పనికివచ్చును. రంగుబొట్టు తీయు గొట్టమువంటి గుర్తును ఆ గుడ్డపై పెట్టినంతనే యాపు "ఓహో, ఇది తెలుపా" యని తెలిసికొని తక్కిన రంగులనన్నిటిని దాని చొప్పున సవరించును. ఆ సవరణనే గుడ్డలేని చిత్రములకును వాడవచ్చును. మధ్యాహ్నపు టెండ ఇంచుమించు 5,500 కెల్విన్లని, పాతకాలపు పచ్చని బల్బు 2,700 అని, నీడ 7,000 అని లెక్కలు గలవు. అవి కంఠస్థము చేయనక్కరలేదు, గుడ్డ చాలును. తరువాత వెలుగు, తరువాత నీడలు, కట్టకడపట ఇసుక తుడుచుట. తుడుచుట పిడికెడుచోట చిటికెడు చాలును, లేకున్న మరల పింగాణీ ముఖమే.

పసుపురంగు మాత్రము నన్ను చాల విసిగించినది. మనది పసుపుసీమ, జాతీయ పసుపుబోర్డు 2025లో నిజామాబాదునకే వచ్చినది. పేరంటమునాటి చిత్రమున పసుపుకుంకుమల పళ్ళెము నిమ్మపండు రంగునకు దిగినది. పసుపున నీలపు పాలు లేనట్లే, ఎరుపు మితిమీరును. ఎరుపు నిండిపోయి కాలినచో మేలిపసుపును గూడ నిమ్మరంగే యగును. మరల వెలుగు దింపి తీసినప్పుడే మా వంటింటి పసుపు పసుపయినది.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. మా ఆడబిడ్డను వాకిట కూర్చుండబెట్టి ఈ విధముగ తీసితిని. ఆమె నా ప్రక్కనే కూర్చుండి చూచుచుండగా వండుటకు మొదలిడితిని. గుడ్డ సరిచూచితిని. పచ్చగోడ చాయ పోయినది. పుట్టుమచ్చ కనబడినది. వెలుగు మీటను కుడివైపునకు జరిపితిని. బాగున్నది. ఇంకొకింత జరిపితిని. ఇంకను బాగున్నది. మరియొకింత... అప్పుడు ఆ పిల్ల నా ముంజేయి పట్టుకొని, "వదినె, ఫోను జేసిందే నువ్వు జేస్తున్నవ్" అనెను.

నా బొటనవ్రేలు ఆగిపోయినది. అత్తవారింట అడుగుపెట్టిన నాటినుండి ద్రౌపదికి కృష్ణ యని పేరున్నదని, శ్రీరాముడు నీలమేఘశ్యాముడని పిల్లలకు కథలు చెప్పుచున్నదానను. చెప్పు నోరు ఒకటి, జరుపు వ్రేలు ఒకటి. ఫోనును తప్పుపట్టి పచ్చి చిత్రము నేర్చితిని. పచ్చి చిత్రమున మందు చల్లుట మరింత సులభమని, ఎవరికిని తెలియకుండ చల్లవచ్చునని అప్పుడు గదా తెలిసినది. విష్ణుధర్మోత్తరమున చిత్రసూత్రమున చిత్రములను సత్యము, వైణికము, నాగరము, మిశ్రమని నాలుగుగా విభజించిరి. ఉన్నదున్నట్లు లోకమును పోలి యుండునది సత్యము. సత్యచిత్రము తానుగా రాదు, పచ్చి దస్త్రములోను రాదు. ఎవరో కూర్చుండి, చూచి, ఆపవలసినచోట ఆపవలెను.

ఎచ్చట ఆపవలెనో నాకు తెలియలేదు గనుక ఆ పిల్లనే అడిగితిని. ఆమె ఫోనును తన చెంపప్రక్కన పట్టుకొని అద్దమునెదుట నిలిచి, "ఇంక తగ్గియ్యి, ఇంక... ఆఁ, గిదీ" అనెను. మీరును అట్లే చేయుడు. అయితే అంతకుముందు ఫోనుతెరను సరిచేయుడు. కంటికి హాయిగా నుండుటకై తెరను పసుపు చేయు అమరిక యార్పివేసి, రంగులు 'వివిడ్' అని యున్నచో 'నేచురల్' అని మార్చుడు. లేకున్న చిత్రము సరిగా నున్నను తెర అబద్ధమాడును. వండిన ప్రతిని వాట్సాపులో పంపుడు. పచ్చి దస్త్రమును ఫోటోగా పంపుట కుదరదు. పంపవలసినచో డాక్యుమెంటుగా పంపుడు. ఆ పచ్చిదానిని వేరొకచోట గూడ దాచుడు. మా వారు బడి కంప్యూటరు మీద కన్నుంచిరి గాని నేనే వద్దంటిని. ఒక చిన్న పెన్‌డ్రైవు కొని బీరువాలో నగలపెట్టెలో పెట్టితిని.

ఆర్మూరు సోదరీ, నీ ఫోను మార్చనక్కరలేదు. ముందు బ్యూటీమీట ఆర్పి, అమ్మాయిని వాకిట కూర్చుండబెట్టి చూడుము. మీటలు జరుపునప్పుడు అమ్మాయిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుము.

మా ఆడబిడ్డ కొత్త ఫోటో రెండుచోట్లకు పోయినది. ఒకచోటినుండి బదులు రాలేదు. రెండవవారు వచ్చిరి. వరుని తల్లి ఫోటోను పిల్లను మార్చి మార్చి చూడలేదు. ఫోను సంచిలో పెట్టి, ఏమి చదివితివి, బోధనులో ఉద్యోగము దొరకునా యని యడిగినది. మాట యింకను తేలలేదు. తేలినచో వ్రాసెదను.

ఆ దినమే మిగిలిన వెలుగులో మా మామగారిని చెరకుచేని గట్టుమీద నిలిపి ఒక పచ్చి చిత్రము తీసితిని. సాయంత్రము వండి చేతికిచ్చితిని. ఆయన కన్నద్దములు తుడుచుకొని చాలసేపు చూచి, నుదుటిమీది ముడుతలను ఒక్కొక్కటిగ వ్రేలితో లెక్కపెట్టి, "ఒక్కటి గూడ పోలే" అని మా అత్తగారికి చూపుటకు లోపలికి పోయిరి.